ఖాళీ బండి తిరిగిపోయే సీను

జనానా గేటు

నేను చేసిన పని చాలా చిన్నది. జహీరాబాదులో పెద్ద రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఒక టాకీసులో జనానా గేటు నాది. ఆడవాళ్ళ టికెట్లు చింపడం, చీకట్లో బ్యాటరీ లైటు చూపించి కూర్చోబెట్టడం, పసిపిల్లల తల్లులను తలుపు పక్క వరుసకు మార్చడం, ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళ సంచులూ పెట్టెలూ ఆట అయ్యేదాకా నా గదిలో ఉంచుకోవడం. డెబ్బైల నడుమ, ఇంటరు సగంలో ఆపేసినప్పుడు చేరాను. ఎనభైలు ముగుస్తుండగా దిగిపోతున్నాను. గ్రంథాలయంలో పని దొరికింది. ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు కనుక, రిటైరయ్యానంటే మా ఇంట్లో నవ్వుతారు. అయినా ఒక పని చేతిలోంచి పూర్తిగా దాటిపోయిందన్న భావం మాత్రం నిజం.

నేను నలుగురిలో నోరు తెరిచే మనిషిని కాను. ఆ గేటు నాకు నచ్చింది అందుకే. వెలుగున్నంతసేపు అందరి చూపూ టికెట్టు మీద ఉంటుంది. చీకటయ్యాక నా ముఖం ఎవరికీ కనబడదు. ఆటకూ ఆటకూ మధ్య ఒక నవల చదువుకోవచ్చు. ఇంటికి వెళ్ళి డైరీ రాసుకునేదాన్ని. అందులో సినిమాల గురించి తక్కువ. సినిమా చూస్తూ ఆడవాళ్ళు అన్న మాటలే ఎక్కువ.

నా తర్వాత ఆ కుర్చీలో సువర్ణ అనే అమ్మాయి కూర్చుంటుంది. పని చూసుకోవడానికి వచ్చిన రోజు, గోడ మీది పాత పోస్టరు చూసి అడిగింది.

"అక్కా, గీ నల్ల తెల్ల సినిమాలు ఇంక ఎవలన్న చూస్తరా? ఇండ్లల్ల వీడియోలు వచ్చినయి గద."

చూస్తారని చెప్పడం సులువు. ఎందుకు చూస్తారో, ఏది నిలబడుతుందో, ఏది నిలబడదో గేటు దగ్గర నిలబడి చెప్పలేకపోయాను. ఎదురుగా మనిషి ఉంటే నాకు మాట రాదు. అందుకే రాస్తున్నాను.

ఆలస్యంగా వచ్చినవాళ్ళు

మా టాకీసులో కొత్త సినిమా సాయంత్రం ఆటలకు, పాత సినిమా మ్యాట్నీకి. మ్యాట్నీ అంటే చాలావరకు ఆడవాళ్ళ ఆట. కోహీర్ నుంచి వచ్చేవాళ్ళు ముందే వచ్చి మెట్ల మీద కూర్చునేవాళ్ళు. రాయికోడ్ బస్సు మాత్రం నాకు తెలిసి ఏనాడూ ఆట మొదలయ్యేసరికి రాలేదు. ఆ బస్సు దిగినవాళ్ళు కొంగులు సర్దుకుంటూ చీకట్లోకి వచ్చి, కూర్చోకముందే అడిగేవాళ్ళు. "ఏమైంది ఇప్పటిదాంక?"

జరిగిన కథ చెప్పడం గేటు మనిషి పని. ఈ సంగతి పనిలో చేరేటప్పుడు నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే చేరేదాన్ని కాదేమో. నాకంటే ముందు ఆ గేటు చూసిన బాలమణి అక్క నేను తడబడటం విని పక్కకు పిలిచింది.

"కథంత చెప్పకు బిడ్డా. నువ్వు చెప్పేలోపు ఇంటర్వెల్ అయితది. ఎవలకు ఎవలు ఏమైతరో చెప్పు. ఇప్పుడు కష్టం ఎవలకున్నదో చెప్పు. గంతే. మిగిలింది వాళ్ళే అల్లుకుంటరు."

ఈ పనిలో నాకెవరైనా చెప్పిన పాఠం అదొక్కటే. మంచి పాఠం. సినిమా నిలబడుతుందా లేదా అన్నది నేను దానితోనే కొలిచాను. నిలబడే సినిమాలో కష్టం ఎవరిదో ఒక్క మాటలో చెప్పవచ్చు. చెప్పగానే ఆ వచ్చినామె "అయ్యో" అని కూర్చుంటుంది. చెప్పడానికి నేను తడుముకున్నానంటే ఆ సినిమాలో ఏదో బోలుగా ఉందన్నమాట. కొత్తవాటిలో ఇలాంటివి చాలా ఉన్నాయి. పాతవాటిలోనూ తక్కువేమీ లేవు. పాతదంతా బంగారమని అనే పెద్దవాళ్ళు, బంగారం కానివి మరిచిపోయి మాట్లాడుతున్నారు. నేను అవన్నీ నిలబడి చూశాను. కొన్నిటికి జనానాలో సగం మంది నిద్రపోయేవాళ్ళు. ఫ్యాను కింద చల్లగా ఉందని వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు.

ఒకసారి మా ఆపరేటర్ జబ్బార్ మామ ఒక పాత సినిమాలో రెండు రీళ్ళు ముందూ వెనకా వేశాడు. కొడుకు చచ్చిపోవడం ముందు వచ్చింది, వాడికి జ్వరం తర్వాత వచ్చింది. కొత్త సినిమా అయితే కుర్చీలు విరిగేవి. జనానాలో ఒక్కరూ అరవలేదు. ఆట అయ్యాక ఒక ముసలావిడ నాతో అన్నది ఒకటే మాట. "ఇయ్యాళ జర జల్దీ ఏడిపిచ్చిన్రు."

ఆ మాటకు నేను చాలాకాలం నవ్వుకున్నాను. తర్వాత ఆలోచించాను. ఆమె కథ కోసం రాలేదు. కథ ఆమెకు వచ్చు. ఆమెకు కావలసిన చోటు ఒకటి ఆ సినిమాలో ఉంది, అక్కడికి వచ్చింది. పాత సినిమా కొత్తవాళ్ళకు పనికొస్తుందా అని అడిగేవాళ్ళు కథను చూసి తీర్పు చెబుతారు. కథలు చాలావరకు పాతబడతాయి. అందులో ఒకటి రెండు చోట్లు మాత్రం పాతబడవు. అవి ఏవో తీసినవాళ్ళకు కూడా ముందు తెలియదనుకుంటాను.

నవ్వు

సువర్ణకు ముందే చెప్పాలి. అమ్మాయిలు నవ్వుతారు. కంగారు పడవద్దు.

అట్ట చంద్రుణ్ణి చూసి నవ్వుతారు. పొట్ట ఉన్న హీరో కాలేజీ పుస్తకాలు పట్టుకుని వస్తే నవ్వుతారు. విలన్ మీసం ఒక పక్క అంటుకోకపోతే ఇంకా నవ్వుతారు. నేను చేరిన కొత్తలో నవ్విన అమ్మాయిని వాళ్ళమ్మ మోచేత్తో పొడిచేది. ఎనభైలు వచ్చేసరికి తల్లులు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలైంది. అట్ట చంద్రుణ్ణి చూసి నవ్విన అమ్మాయే అదే సీనులో పాటకు నిశ్శబ్దమైపోవడం ఎన్నోసార్లు చూశాను. నవ్వు వల్ల సినిమాకు ఏ నష్టమూ లేదు. ఆవులింత వేరు.

మారింది ఇంకొకటి ఉంది. నేను చేరినప్పుడు ఆలస్యంగా వచ్చినవాళ్ళు "ఏడ్చుడు అయిపోయిందా?" అని అడిగేవాళ్ళు. తర్వాత తర్వాత వాళ్ళ కూతుళ్ళు వచ్చి అడగడం మొదలుపెట్టారు. "ఆమె ఎందుకు ఊకున్నది?" దానికి బాలమణి అక్క పాఠంలో జవాబు లేదు.

బండిని కోసిన వారం

మా యజమాని మల్లప్ప సేటు. ఇంట్లో కన్నడం, దుకాణంలో ఉర్దూ, మాతో తెలుగు. టాకీసు కంటే ముందు పప్పుల వ్యాపారం చేసినవాడు. కనుక సినిమాను కూడా సరుకుగానే చూసేవాడు. అది చెడ్డ గుణమని నేను అనను. సరుకు తెలిసినవాడు కొనేవాళ్ళ మాట వింటాడు. ఆయన కొడుకు శరణప్ప హైదరాబాదులో చదివి వచ్చాడు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. చూసేవాళ్ళకు ఏం కావాలో తనకు తెలుసనుకునేవాడు.

జనానాలో అందరూ 'బండి సినిమా' అనే ఒక పాత సినిమా ఉండేది. అసలు పేరు పోస్టరు మీద ఉంటుంది, ఎవరూ ఆ పేరు అనరు. కోపిష్టి మొగుడు, ఓర్చుకునే ఇల్లాలు. ఆమె కష్టం విని అన్న బండి కట్టుకుని వస్తాడు, పుట్టింటికి తీసుకుపోవడానికి. ఆమె గడప దాటదు. నా చోటు ఇదేనని చెప్పి పంపేస్తుంది. అన్న బండి తిప్పుతాడు. ఖాళీ బండి ఆ దారి వెంట పోతూ పోతూ చిన్నదై కనబడకుండా పోతుంది. మాట లేదు, పాట లేదు. చక్రాల చప్పుడు ఒక్కటే. చివర్లో ఆమె మంచం పడితే మొగుడు మారి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తాడు.

ఆ సినిమాకు మా వైపు ఒక వాడుక ఏర్పడింది. ఆడపిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు ఒడిబియ్యం పోస్తారు కదా. పసుపు కలిపిన ఆ బియ్యం ఒడిలో కట్టుకుని పోయి అత్తగారింట్లో వండుకోవాలి. బండి సినిమా ఆడుతున్న వారంలో ఒడిబియ్యం పోయించుకున్న పిల్లలను తల్లులు దారిలో మా మ్యాట్నీకి తీసుకొచ్చేవాళ్ళు. చూసి నేర్చుకోమని. జనానాలో పసుపు వాసన వచ్చిందంటే బండి సినిమా ఆడుతున్నట్టే.

ఒకసారి అలా బండి సినిమా వేసిన వారం మొదటి రోజు శరణప్ప ఆపరేటర్ క్యాబిన్‌లో నిలబడి సినిమా చూశాడట. కిందికి వచ్చి తండ్రితో అన్నాడు.

"నాన్నా, ఒక ఖాళీ బండి పోతుంటే గంతసేపు సూడాల్నా? ఇప్పటోళ్ళకు గంత ఓపిక లేదు. గా ముక్క తీసేస్తే సినిమా పరుగెత్తుతది."

సేటు సరే అన్నాడు. జబ్బార్ మామ బ్లేడుతో ఆ ముక్క కోసి, ఖాళీ డబ్బాలో చుట్టి పెట్టాడు. మర్నాడు తెర మీద అన్న బండి దిగాడు, ఆమె కాదన్నది, వెంటనే మొగుడు అన్నం తింటూ కనిపించాడు. జనానాలో ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆట అయ్యాక అందరూ నా గేటు దగ్గర ఆగిపోయారు.

"బండి ఏడ వాయె బిడ్డా?"

"అన్న ఇంక ఆళ్ళింట్లనే ఉన్నడా ఏంది? అన్నం తినేటప్పుడు కనవడలే."

"మీ సేటు ఎడ్లను అమ్ముకున్నడేమో."

నవ్వుతూనే అన్నారు, కానీ కదలలేదు. నేను మాట్లాడక తప్పలేదు. సేటు గదికి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ గదిలోకి పిలవకుండా వెళ్ళడం అదే మొదటిసారి. శరణప్ప కూడా ఉన్నాడు.

"సేటూ, బండి కావాలంటున్నరు."

"ఎవలు?"

"అందరు."

శరణప్ప నవ్వి, "ముసలోళ్ళు అంటరు, పడుసోళ్ళు అడిగిన్రా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి నా దగ్గర జవాబు లేదు. లేదనే చెప్పాను. సేటు నా వైపు చూశాడు. నేను అంతకుముందు ఆయనతో అన్నీ కలిపి ఎన్ని మాటలు మాట్లాడి ఉంటానో, అవి గుర్తు చేసుకుంటున్నట్టు.

"గీ పిల్ల నోరు తెరిచిందంటే లోపట జర గట్టిగనే అయి ఉంటది," అని కొడుకుతో అని, మెట్ల వైపు తిరిగి పిలిచాడు. "జబ్బార్, బండిని మల్ల ఎక్కియ్యి. ఎడ్లకు గడ్డి ఏసినవా లేదా?"

"అబ్బో, అవి నాకంటె మంచిగ పండుకున్నయి సేటూ," అన్నాడు జబ్బార్ మామ పైనుంచి.

చిరాగ్‌పల్లి బస్సు

బండి తిరిగి వచ్చిన రోజు మ్యాట్నీకి రాయికోడ్ నుంచి అంజమ్మ వచ్చింది. నేను చేరినప్పటి నుంచి ఎరుగుదును. బండి సినిమా ఎప్పుడు ఆడినా వస్తుంది, ఖాళీ బండి పోయే చోట ఏడుస్తుంది. ఈసారి వెంట పెద్ద కూతురు లలిత ఉంది. చేతిలో రేకు పెట్టె, ఒడిలో పసుపు బియ్యం మూట.

"జర గీ పెట్టె నీ దగ్గర పెట్టుకో బిడ్డా. ఆట అయినంక చిరాగ్‌పల్లి బస్సుకు పోతం. దీన్ని అల్లుని దగ్గర దించి వస్త."

పెళ్ళయి ఏడాది దాటిన పిల్లకు మళ్ళీ ఒడిబియ్యం, మళ్ళీ పెట్టె. అంజమ్మే గొంతు తగ్గించి చెప్పింది.

"అలిగి వచ్చింది. ఆయన జర చెయ్యి చేసుకుంటడు. వాళ్ళ నాయిన పంపుమన్నడు. పోయే ముందుగాల ఒకసారి గీ సినిమా చూపిద్దమని. నాకు మా అవ్వ చూపిచ్చింది, డేరా టాకీసుల ఆడినప్పుడు."

లలిత మా ఇద్దరి వైపూ చూడలేదు. పెట్టె నా మేజాబల్ల కిందికి తోస్తుంటే రవిక చేతి అంచు పైకి జరిగింది. వెంటనే కిందికి లాక్కుంది. జర చెయ్యి చేసుకోవడం అంటే ఏమిటో నాకు కనిపించింది.

ఆట మొదలై చాలాసేపైంది. బ్యాటరీ వెలుగులో కూర్చోబెట్టాను. కథ చెప్పాలి. అంజమ్మకు అవసరం లేదు, లలితకు చెప్పాలి. ఎవరికి ఎవరు ఏమవుతారో చెప్పాను. కష్టం ఎవరిదో చెప్పాను. ఇప్పుడు ఆమె అన్న బండి కట్టుకుని వస్తున్నాడని చెప్పాను. ఇక వెళ్ళిపోవాలి. నేను తలుపు దగ్గరికి పోలేదు. పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను.

తెర మీద అన్న బతిమిలాడాడు. ఆమె గడప లోపలే నిలబడింది. బండి తిరిగింది. చక్రాల చప్పుడు మొదలైంది. ఇక ముక్కులు ఎగబీల్చడం వినపడాలి. దానికి ముందే తల్లిని అడుగుతున్న లలిత గొంతు వినిపించింది. గట్టిగా కాదు, కానీ మాట లేని సీను కదా, నాలుగు వరుసలకు వినపడింది.

"బండి వాకిట్లనే ఉండె గద అవ్వా. ఎందుకు ఎక్కలే?"

వెనక వరుసలోంచి ఎవరో అన్నారు. "ఎక్కితె సినిమా ఆడనే అయిపోతది పిల్లా."

కొందరు నవ్వారు. ఇంకొక పెద్దావిడ, "ఎక్కితె ఊరు ఏమంటది?" అన్నది.

"ఊరు ఆమెకు అన్నం పెడుతదా?" అన్నది ఆ పక్కన ఎవరో చిన్న వయసు ఆమె. నేను గొంతు గుర్తుపట్టలేదు.

బండి ఇంకా పోతూనే ఉంది. శరణప్ప కోసేయమన్నది ఇదే. ఈ మాటలన్నీ జరగడానికి పట్టినంత సేపూ ఆ బండి దారి మీద ఉంది. చిన్నదవుతోంది కానీ కనబడుతూనే ఉంది. అంజమ్మ తెర వైపే చూస్తోంది. ఏడవడం లేదు.

"నాకు బండే రాలే," అన్నది.

లలిత తల్లి వైపు తిరిగింది. ఇన్నేళ్ళూ ఆమె ఆ ఇల్లాలి ఓర్పును చూసి ఏడుస్తోందనుకున్నాను. నా డైరీలో కూడా అలాగే రాసుకున్నాను. ఆమె చూసింది ఇల్లాలిని కాదు, బండిని.

ఇంటర్వెల్‌లో ఇద్దరూ బయటికి రాలేదు. చివరి సీనులో మొగుడు కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తుంటే జనానాలో ఎప్పటిలాగే కొంతమంది ఏడ్చారు. లలిత మాత్రం, "మంచం పట్టినంక మారితె ఎవలకు లాభం," అని తనలో తాను అనుకున్నట్టు అన్నది. నిజం చెప్పాలంటే ఆ ముగింపు ఇవాళ నిలబడదు. నేను చేరిన కొత్తలోనే నాకు సగం నమ్మకం కలగలేదు. అందులో చెప్పిన నీతి అట్ట చంద్రుడితో పాటే పాతబడిపోయింది. నిలబడింది నీతి చెప్పడం మానేసి, ఊరికే ఒక బండిని చూస్తూ ఉండిపోయిన ఆ కాసేపు. తీసినవాళ్ళు ఆ ఇల్లాలి గొప్పతనం చూపించాలనే దాన్ని పెట్టి ఉంటారు. కానీ చూసేవాళ్ళకు ఆలోచించుకునే వ్యవధి ఇచ్చారు. ఆ వ్యవధిలో ఎవరు ఏం ఆలోచిస్తారన్నది వాళ్ళ చేతిలో లేదు.

ఆట వదిలాక రోడ్డు మీద చిరాగ్‌పల్లి బస్సు నిలబడి ఉంది. కండక్టరు పిలుస్తున్నాడు. నేను మేజా కింది నుంచి పెట్టె లాగి, పరుగెత్తితే అందుతుందని చెప్పబోయాను. చెప్పకుండానే పెట్టె ముందుకు జరిపాను. ఆ ఒక్కసారి నా మొహమాటం పనికొచ్చింది.

అంజమ్మ పెట్టె అందుకోలేదు. గేటు రెక్క పట్టుకుని బస్సు వైపు చూస్తూ నిలబడింది. లలిత మూట ఒడిలో సర్దుకుని, నేల చూస్తూ, తల్లి కదిలితే కదలడానికి సిద్ధంగా ఉంది. కండక్టరు రెండుసార్లు బస్సు రేకు మీద కొట్టాడు. బస్సు కదిలింది. మలుపు తిరిగేదాకా అంజమ్మ దాన్నే చూసింది.

"రాయికోడ్ బస్సు ఎప్పుడున్నది బిడ్డా?" అని నన్ను అడిగింది.

"ఉన్నది అవ్వా. జర సేపట్ల వస్తది."

లలిత తల ఎత్తింది. "మరి గీ బియ్యం?"

"మనింట్ల వండుకుందం."

"నాయిన?"

"మీ నాయినకు నేను చెప్త. తింటె తింటడు, లేకుంటె లేదు."

పెట్టె ఒక పక్క లలిత పట్టుకుంది, ఒక పక్క అంజమ్మ పట్టుకుంది. మెట్లు దిగి నాలుగడుగులు వేశాక, అంజమ్మ పెట్టె కింద పెట్టించి వెనక్కి వచ్చింది.

"గీ సినిమా రేపు గూడ ఉంటదా?"

ఉంటుందన్నాను.

"రేపు మా చిన్నదాన్ని తోల్కొస్త. మీ సేటుకు చెప్పు, ఇంకేం కోసుకున్నా మంచిదే గని, బండిని మాత్రం కొయ్యద్దని."

వెళ్ళి చెప్పాను. శరణప్ప కూడా అక్కడే ఉన్నాడు. పడుచువాళ్ళు అడిగారా అని ఈసారి అతను అడగలేదు. అడిగి ఉంటే నా దగ్గర జవాబు ఉండేది.